కంది చేనులో కొయ్యలు

అడవి అంచున ఒక కుందేలు పిల్లల తిండి కోసం కంది చేను వేసుకుంది. పిందె పడే వేళకు కాయల్లో పురుగు కనిపించింది.

గోరింక వచ్చి చెప్పింది. "అక్కా, చేనులో అక్కడక్కడా కొయ్యలు పాతి, పైన అడ్డపుల్లలు కట్టు. మేం వాటి మీద వాలి పురుగుల్ని ఏరుకు తింటాం."

కుందేలు ఆ రోజే ఇరవై కొయ్యలు పాతింది. పాతింది గానీ మనసొప్పలేదు. పోయినేడు చిలకలు జొన్నకంకులు ఊడ్చుకుపోయిన సంగతి కళ్ళముందు మెదిలింది. పిట్టల్ని పిలిచి మరీ కూర్చోబెడితే గింజ మిగులుతుందా? అందుకని ప్రతి కొయ్య పక్కనా ఒక దిష్టిబొమ్మను నిలబెట్టి, దాని చేతికి కర్ర ఇచ్చింది. అప్పటికిగానీ ప్రాణం కుదుటపడలేదు.

గోరింకలు రోజూ వచ్చి, చేను చుట్టూ తిరిగి, వాలకుండానే వెళ్ళిపోయాయి.

కోతనాడు కుందేలు ఒక కాయ ఒలిచింది. లోపల పురుగు పెంట తప్ప ఏమీ లేదు. ఇంకోటి ఒలిచింది. అదీ అంతే. పిల్లలు ఖాళీ చాట చుట్టూ చేరి తల్లి ముఖంలోకి చూస్తున్నాయి.

"నువ్వు చెప్పినట్టే చేశాను కదే!" అని గోరింకను నిలదీసింది.

గోరింక కోపగించుకోలేదు. "చేశావక్కా. మాకు పీటా వేశావు, పక్కనే కర్రా పట్టుకుని నిలబడ్డావు."