గోళకు మంట ఎక్కువ

ఆ పొద్దున పుష్పలత ధ్యాస పని మీద లేదు. పసుపు విరుస్తూ తల్లి దుంపను తీసుకెళ్లి పిల్లకొమ్ముల కుప్పలో వేసింది. అలా వేయడం అది మూడోసారి.

అత్త హన్మవ్వ దాన్ని ఏరి పక్కన పెట్టింది. "గోళను కొమ్ములల్ల కలుపుతవేంది? రెండు ఒక్క కడాయిల ఉడకయి. కొమ్ములు మెత్తవడ్డా గోళ పచ్చిగనే ఉంటది. దానికి మంట ఎక్కువ గావాలె."

పుష్పలతకు అదేం చెవికెక్కలేదు. పదకొండు గంటలకు పదో తరగతి ఫలితాలు. నిజామాబాద్ హాస్టల్లో ఉన్న కూతురు చూసి ఫోన్ చేస్తానంది. పుష్పలత లేచి బిందె దాకా వెళ్లింది, నీళ్లు తాగకుండానే తిరిగొచ్చింది. కూర్చుని మళ్లీ లేచింది.

ఫోను మోగింది.

"అమ్మా, అన్నీ అయినయి. లెక్కలే పోయినయి."

"మెల్లగ మాట్లాడు," అని పుష్పలత ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టు కుప్ప ముందు కూర్చుంది.

"లెక్కలేనా పోయినయి?" అంది హన్మవ్వ తలెత్తకుండానే.

"నీకెట్ల ఎర్క అత్తా?"

"రోజు పొద్దుగాల పొయ్యికాడ ఎక్కాలు సదువుతవు. నలభై ఏండ్లకు పదో తరగతి రాస్తున్నవని నాకు ఎవలన్న చెప్పాల్నా?"

పక్కన పెట్టిన గోళను తీసి కోడలి ఒళ్లో వేసింది.

"మంట ఇంకింత పెట్టు. మళ్ల పరీక్ష ఎప్పుడు?"