లోపల ఎవరో ఉన్నారు

లాగిన్ కుదరలేదంది కంప్యూటరు. కార్యదర్శి దాని మొహాన ఒక బూతు తిట్టి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాడు. ఈసారి ఒక్కో అక్షరాన్నీ వేలితో పొడిచి పొడిచి కొట్టాడు. మళ్లీ కుదరలేదంది.

ఆఫీసులు మూసే వేళకల్లా ఈ మెయిలు తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే గాజు ఫ్యాక్టరీ కార్మిక సంఘం ఇక ఉండదు. పొద్దున రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి చల్లగా చెప్పాడు. మీ సంఘం ఇంకా ఉందా లేదా అని మెయిల్ పంపాం, సంఘం మెయిల్ నుంచే సాయంత్రంలోగా జవాబు రావాలి, రాకపోతే పేరు కొట్టేస్తాం అని. ఉండబట్టే కదయ్యా ఫోనెత్తాను అన్నాడు కార్యదర్శి. నోటిమాట చెల్లదన్నాడు గుమాస్తా.

కొలిమి ముందు నిలబడి ఊపిరితిత్తులు మాడ్చుకున్న మనుషుల సంఘం చచ్చిందో బతికిందో ఒక మెయిలు తేల్చాలట. ఫ్యాక్టరీ మూతపడ్డాక మనుషులు తలో దిక్కూ పోయారు. మేడమీది ఆ గదిలో కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి గోడవారగా ఉన్నాయి. ఒక్కటే కింద ఉంది, అతను కూర్చున్నది. పాత కంప్యూటరు ఈమధ్యే పూర్తిగా మూలబడింది. సెకండ్‌హ్యాండులో తెచ్చిన దీంట్లో మెయిల్ ప్రోగ్రామ్ పెట్టడం అతనికి కొత్త.

చివరికి మెయిల్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. ఎత్తిన అమ్మాయికి ఓపిక ఎక్కువ. క్యాప్స్ లాక్ చూడమంది. యూజర్‌నేమ్ అంటే మీ పేరు కాదు సార్, మెయిల్ అడ్రసు మొత్తం రాయాలంది. సర్వర్ పేరు చివర చుక్క పెట్టారు, తీసేయమంది. వాక్యం ముగిస్తే చుక్క పెట్టమని బళ్లో నేర్పారు కదమ్మా అన్నాడు. పోర్టు నంబరు కూడా మార్పించింది.

"ఇన్ని తాళాలు ఖజానాక్కూడా ఉండవేమో."

"ఖజానా సంగతి నాకు తెలీదు సార్. ఇప్పుడు నొక్కండి."

నొక్కాడు. కుదరలేదు. అవతల కీబోర్డు టకటకలాడింది.

"సార్, మీ పాస్‌వర్డ్ సరైందే. మీది పాత ప్లాను. ఒకచోట తెరిచి ఉంటే రెండోచోట తెరుచుకోదు. ఆ రెండో కంప్యూటర్లో మూసేసి రండి."

"రెండోది ఎక్కడిది? ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరమ్మా."

"ఉన్నారు సార్. ఇప్పుడు కూడా లోపలే ఉన్నారు."

పాత కంప్యూటర్లో కొత్త మెయిళ్లు ఒక్కోసారి ముందే ఎవరో చదివేసినట్టు కనిపించేవి. మిషను ముసలిదైందిలే అని సరిపెట్టుకున్నాడు. అదన్నమాట సంగతి.

ఆ పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. ఒకడు తను. రెండోవాడు మాజీ అధ్యక్షుడు. ఫ్యాక్టరీ మూతకి ఒప్పుకుంటూ యాజమాన్యం కాగితం మీద సంతకం పెట్టొచ్చినవాడు. అమ్ముడుపోయావు గదరా అని గేటు ముందు అందరూ వింటుండగా కార్యదర్శి అంటే, ఆఫీసు తాళంచెవి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. రోజూ చీకటి పడేవేళ ఈ మేడ కింద వీధిలోంచే పోతాడు. తలెత్తడు. కార్యదర్శీ పలకరించడు. సరిగ్గా ఆ వేళకు కిటికీ దగ్గర నిలబడతాడంతే, గాలి కోసం. పాస్‌వర్డ్ మార్చేయాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. చేతులు రాలేదు.

"ఎవడో నాకు తెలుసమ్మా," అన్నాడు. "సంఘం చచ్చేదాకా కాపు కాసి, ఆ శవాన్ని కూడా యజమానికి అప్పజెప్పాలని కూర్చున్నాడు. వాణ్ణి మెడపట్టి బయటికి గెంటేయండి."

"పాస్‌వర్డ్ మార్చేస్తే వాళ్లంతట వాళ్లే బయటికి పోతారు సార్. మళ్లీ రాలేరు." అమ్మాయి కొంచెం తటపటాయించింది. "తెలిసినవాళ్లే అంటున్నారు కదా. ఒక్క ఫోన్ చేసి మూసేయమంటే సరిపోతుందేమో."

ఆ నంబరు అతనికి ఇప్పటికీ కంఠతా వచ్చు.

"నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మార్చండి."

అతని సెల్‌కి వచ్చిన అంకెలు చెప్పించుకుని ఆమె దారి చూపింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. ఈసారి కంప్యూటరు పేచీ పెట్టలేదు. మెయిళ్లు ఒకదాని వెనక ఒకటి దిగసాగాయి.

"పోయారు సార్," అంది అమ్మాయి. "ఇప్పుడు లోపల మీరొక్కరే."

థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. చాలా రోజుల తర్వాత ఒక పోరాటం గెలిచినట్టనిపించింది. రిజిస్ట్రారు ఆఫీసు మెయిలు అన్నిటికన్నా పైన ఉంది. అప్పటికే ఎవరో తెరిచి చదివారు. మీ సంఘం మనుగడలో ఉన్నదా, ఉన్నచో సభ్యులెందరో తెలుపగలరు అని అందులో రెండే ముక్కలు. దాని కింద ఒక జవాబు కూడా ఉంది. పంపనిది. రాస్తూ రాస్తుండగా చేతిలోంచి లాక్కున్నట్టు సగంలో తెగి ఉంది.

"అయ్యా, సంఘం ఉంది. మా కార్యదర్శికి కోపం ఎక్కువ, అయినా రోజూ ఆఫీసు తెరుస్తాడు. దూరం నుంచైనా ఆ కిటికీలో లైటు చూడందే నేను ఇంటికి పోను. ఎవరూ మిగల్లేదని మీకెవరైనా చెబితే నమ్మకండి. ఇప్పటికి మేం ఇద్దరం"