జానెడు దూరం

పరదేశి కాలెత్తి, మంచం పక్కనున్న నీళ్ళ చెంబును ఒక్క తన్ను తన్నాడు.

చెంబు గుమ్మం దాకా దొర్లింది.

"దాహమైతే ఎళ్ళి తెచ్చుకోండి."

మంచంలో ఉన్నది కొబ్బరికాయల వర్తకుడు పోతురాజు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడు, కొత్తపేట రేవులో పడవలోకి బస్తా ఎత్తుతూ నడుం పట్టుకుని కూలిపోయాడు. ఎనిమిది నెలలుగా లేవలేదు.

"ఏమే వీరాయమ్మా! నడుం బాగుచేస్తానంటే ఈ రాక్షసుణ్ణి రానిచ్చేవా?"

"తిండి పెడితే చాలన్నాడండీ," అంది భార్య బెదురుగా.

"కదిలితే చస్తానే! మన కాయలు దింపే అప్పన్న పదేళ్ళ కిందట చెట్టు మీంచి పడ్డాడు. మళ్ళీ లేచేడా?"

"మీరు చూడ్డానికెళ్ళేరా అండీ?" అడిగాడు పరదేశి.

పోతురాజు వెళ్ళలేదు. ఇక పనికిరాడని తేల్చుకుని, ఆనాడే అప్పన్నను పడవలో పడేయించి వాళ్ళ ఊరికి పంపేశాడు. మొహం గుర్తులేదు. కింద నిలబడి కాయలు లెక్కపెట్టేవాడికి చెట్టు మీది మనిషి అరికాళ్ళే కనిపిస్తాయి. అప్పన్న కుడి మడమ కింద నెలవంకలా కత్తి గాటుండేది. అదొక్కటే గుర్తు.

మర్నాటి నుంచి చెంబు రోజుకో జానెడు దూరం జరిగింది. పోతురాజు బూతులు తిడుతూ పాకాడు. నెల తిరిగేసరికి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

అక్కడే ఆగిపోయాడు.

"నడుం అతికి చాన్నాళ్ళయిందండి. బెదురే మిగిలింది. గోడొదిలెయ్యండి."

"వదల్ను. పడితే నువ్వు మోస్తావా?"

"ఆయ్," అని నవ్వి, పరదేశి మంచాన్ని వాకిట్లోకి ఈడ్చాడు. పొయ్యిలోంచి కొరివి తెచ్చి అంటించాడు. నులక భగ్గుమంది.

"ఇక పడుకుంటానికి లేదండి!"

పోతురాజుకు కోపంతో ఒళ్ళు తెలియలేదు. చేతికందిన కావడిబద్ద పట్టుకుని తరిమాడు. వాకిలి దాటి, పీచు కుప్పలు దాటి, కాలువ గట్టెక్కాడు. పరదేశి పరుగెడుతూనే వెనక్కి చూసి అడుగులు లెక్కపెడుతున్నాడు.

"యాభై... అరవై... రండి, రండి!"

గట్టు మీద దొరికాడు. మొదటి దెబ్బకు మోకాళ్ళ మీద పడ్డాడు. రెండోది తల మీద తగిలింది. మూడో దెబ్బకు బద్ద విరిగింది.

"ఏవండీ! పరిగెత్తేరండీ మీరు!" వాకిట్లోంచి వీరాయమ్మ కేక.

పోతురాజు రొప్పుతూ తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

తర్వాత, బోర్లా పడి ఊపిరాగిపోయిన మనిషి కాళ్ళ వంక చూశాడు.

కుడి మడమ కింద నెలవంకలా కత్తి గాటుంది.