బానెట్ కింద భోజనం

"చీ! బండి వీధి మలుపైనా తిరగలేదు, అప్పుడే చేప కంపు!" అంటూ ఆమె ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

"కంపేమిటి, ఘుమఘుమ అను. ఇంజిన్ వేడెక్కుతోందన్నమాట," అన్నాడు భర్త, స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తూ.

ఆయన హోటళ్లలో తిండి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. నగరంలోని వంటిళ్లన్నీ చూసిన మనిషి కాబట్టి బయట మంచినీళ్లు కూడా ముట్టడు. దూర ప్రయాణమంటే చాలు, చేపముక్కలకు ఉప్పూ మిరియాలపొడీ పట్టించి, నిమ్మకాయ పిండి, ఫాయిల్ కాగితంలో పొట్లాలు కట్టి, బానెట్ ఎత్తి ఇంజిన్ మీద పెట్టేస్తాడు. ఇవాళ రెండు పెట్టాడు. ఆయనకొకటి, ఆమెకొకటి.

ఆ జిడ్డు, ఆ మసి, ఎప్పుడో చచ్చి అతుక్కుపోయిన పురుగులు. వాటి మధ్యన భోజనం! ఆమె ఆ పొట్లాన్ని ఎన్నడూ ముట్టలేదు. ఇన్నాళ్లూ ప్రయాణాల్లో అరటిపళ్లతో నెట్టుకొచ్చింది.

"దారిలో ఏదైనా హోటలు దగ్గర ఆపండి. వేడిగా ఏదో ఒకటి తింటాను."

"ఆ వంటిళ్లు నువ్వు చూళ్లేదు కాబట్టి అంటున్నావు. నా వంటకేం తక్కువ? ఒక్కసారైనా వికటించిందా? పోయిన వేసవిలో ఒక పొట్లం గతుకుల్లో ఎక్కడో జారిపోయింది, అంతే. ఏ కుక్కో పండగ చేసుకుని ఉంటుంది."

ఆమెకు ఒళ్లు మండింది.

"అయితే ఇవాళ తేల్చేద్దాం. ముందు మీరు నా కళ్లెదుట ఒక పొట్లం మొత్తం తినండి. మొహం చిట్లించకుండా తింటే నేనూ తింటాను, ఇక జన్మలో నోరెత్తను. ఒక్క ముక్క వదిలారో, ఈ బానెట్ వంట ఇవాళ్టితో బంద్."

"మాట మీద నిలబడతావా?"

"మీరు నిలబడండి చాలు."

మధ్యాహ్నం రోడ్డు పక్కన చెట్టునీడలో ఆపారు. ఆయన మడతకుర్చీ వేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని, పెళ్లికొడుకులా కూర్చున్నాడు. "వడ్డించు మరి!"

ఆమె ఊపిరి బిగబట్టి, కళ్లు సగం మూసుకుని, బానెట్ కిందికి పట్టకారు పోనిచ్చి తడిమింది. గొట్టాల సందులో పొట్లమొకటి తగిలింది. ఇరుక్కుపోయి ఓ పట్టాన రాలేదు. గట్టిగా లాగి, దానివైపు చూడకుండానే తెచ్చి ఆయన పళ్లెంలో పడేసింది.

ఆయన ఫాయిల్ విప్పాడు. గుప్పుమంది.

లోపల నల్లటి ముద్ద, దాని చుట్టూ సాగుతున్న జిగురు. ఓ ఈగ వచ్చి వాలి, వెంటనే లేచిపోయింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏమిటండీ ఆ వాసన?"

ఆయన కూడా ఒక్క క్షణం తటపటాయించాడు. కానీ నిన్ననే ఆ ముక్కుతో వాసన చూసి ఒక హోటలు మూయించి వచ్చాడాయె. పైగా ఇప్పుడు వెనక్కి తగ్గితే భార్య బతికున్నంతకాలం దెప్పుతుంది. వంగి, గట్టిగా వాసన పీల్చి, తీర్పు చెప్పాడు.

"పొగరుచి పట్టింది. కాస్త ఎక్కువ ఉడికిందంతే. సరుకు శ్రేష్ఠం!"

తిన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా గొంతు పైకీ కిందికీ ఆడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మిరియాలు ఘాటు," అన్నాడు. పళ్లకు అంటుకున్న జిగురు నాలుకతో తీసుకుని అదీ మింగాడు. చివరికి ఫాయిల్ కూడా వేలితో ఊడ్చి నాకాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"అద్భుతం!" అన్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "ఇప్పుడు నీ వంతు."

ఇచ్చిన మాట. చేసేదేముంది? తననూ, తన నోటినీ తిట్టుకుంటూ ఆమె బండి దగ్గరికి నడిచింది. తినక తప్పనప్పుడు చూసైనా తీసుకోవాలి కదా అని, ఈసారి బానెట్ పూర్తిగా ఎత్తి, కళ్లు తెరిచి చూసింది.

ఇంజిన్ మీద, పొద్దున పెట్టినచోటే, రెండు పొట్లాలు తళతళా మెరుస్తున్నాయి. మడతల్లోంచి సన్నగా ఆవిరి వస్తోంది. నిమ్మకాయ వాసన కమ్మగా తగిలింది.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఏమండీ, పోయిన వేసవిలో పొట్లం జారిపోయిందన్నారే... అది ఎక్కడికీ పోలేదండీ."