హాజీ బక్రీ మెప్పు

“రెండుసార్లు పాడావు. మళ్లీ అదే చరణమా? ఉన్న పరువు కూడా పోతుందమ్మా, లేద్దాం పద,” అన్నాడు ఊద్ వాయించే షుక్రీ, గొంతు తగ్గించి.

“ఆయన ‘అల్లాహ్’ అనేదాకా లేచేది లేదు,” అంది రతీబా.

ఆయనంటే హాజీ బక్రీ. ఎంత పేరున్న గాయకులైనా అలెప్పోలో ముందు ఆయన లోగిలిలో పాడాలి. పాట మధ్యలో ఆయన నోట ‘అల్లాహ్’ అన్న మెప్పు వస్తే మర్నాడు థియేటర్ నిండుతుంది. రాకపోతే ఈగలు తోలుకోవాల్సిందే. రతీబాకు యాభై నాలుగేళ్లు. గొంతు పోయిందని కైరో పత్రికలు రాసేశాయి. ఇక్కడ కూడా కాదంటే ఇక ఏ ఊరూ పిలవదు.

హాజీ గడ్డం ఛాతీకి ఆనించి, కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. అలా వినేవాళ్లను తాకకూడదు, పలకరించకూడదు. ఆ ఊళ్లో అది మర్యాద. పక్క కుర్చీలో ఆయన కొడుకు జకరియా ఉన్నాడు.

“కైరో కోకిలకు కాఫీ పోయండయ్యా, గొంతు తడారినట్టుంది!” వెనక కూర్చున్న శ్రోతల్లోంచి ఒక సబ్బుల వ్యాపారి ఎకసెక్కమాడాడు. అందరూ నవ్వారు.

రతీబా మొహం ఎర్రబడింది. “గుమ్మం దాటిన గాలీ, ఒక్కసారి వెనక్కి చూడు” అని మళ్లీ ఎత్తుకుంది. మూడోసారి కోపంగా పాడింది. నాలుగోసారి బతిమాలుతున్నట్టు పాడింది. ఐదోసారికి ఆమెకు థియేటరూ గుర్తులేదు, పత్రికలూ గుర్తులేవు.

సబ్బుల వ్యాపారి టోపీ తీసి నేలకు కొట్టాడు. “అల్లాహ్! నా ఆయుష్షు కూడా పోసుకో తల్లీ!” లోగిలంతా ఏడ్చింది.

హాజీ మాత్రం కిమ్మనలేదు.

పాట ముగించి రతీబా ఆయన ముందుకు వచ్చి నిలబడింది. “ఏం లోపమో చెప్పండి హాజీ గారూ. చెప్పి పంపండి.”

మర్యాద పక్కనబెట్టి ఆయన భుజం తట్టింది. తల పక్కకు వాలిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి కెవ్వుమంది.

“జకరియా! మీ నాన్న...”

“తెలుసమ్మా,” జకరియా కళ్లు తుడుచుకున్నాడు. “మీరు మూడోసారి పాడుతుండగానే పోయారు.”

“మరి చెప్పవేమయ్యా! పాట ఆపేదాన్ని కదా!”

“అందుకే చెప్పలేదు.”