భద్రమ్మ గొర్ల పిచ్చి

భద్రమ్మకు గొర్రెల పిచ్చి అని ఊరు ఎప్పుడో తేల్చేసింది. ఇలాంటివి తేల్చడంలో ఆ ఊరికి మంచి అనుభవం ఉంది.

కొడుకు మల్లేశ్ స్లాబు ఇల్లు కట్టాడు. తల్లి గదిలో ఫ్యాను బిగించాడు. ఆమె మాత్రం దొడ్డిలో, గొర్రెల మధ్య గోనెపట్టా పరుచుకుని పడుకుంటుంది. పెళ్లిళ్లకు రాదు. బస్సెక్కదు. ఎవరు పిలిచినా, "నేనొస్తే గొర్లను ఎవలు చూస్తరు?" అంటుంది. మల్లేశ్‌కు తల నెరుస్తున్నా అదే జవాబు. వినీ వినీ గొర్రెలకే విసుగొచ్చి ఉంటుంది.

పిచ్చి ఎప్పుడు పట్టిందో కూడా ఊరికి తెలుసు. మల్లేశ్ పుట్టిన ఏడాదే. కాన్పు కష్టమై చావు దాకా వెళ్లొచ్చిన బాలింత, పసుపు బట్టలైనా మార్చకముందే గొర్రెలు కావాలని పట్టుబట్టింది.

"పక్కల పసిపోరడుండంగ గొర్లేందే నీకు?" అని మొగుడు సైదులు తల పట్టుకున్నాడు. చివరికి కొన్నాడు. పోయేదాకా ఆయన ఇంట్లో, ఆమె దొడ్డిలో.

దవాఖానకూ వెళ్లింది. ఏం బాధో చెప్పేలోపే నర్సమ్మ ముక్కు మూసుకుంది.

"గొర్లు కాసేటోళ్లు జర తానం చేసి రావాలె. గది గుడ తెల్వదా?"

భద్రమ్మ ఇంటికొచ్చి, తలారా స్నానం చేసి మళ్లీ వెళ్లింది. నర్సమ్మ మళ్లీ అదే మాట అంది. వైద్యం అంతటితో సంపూర్ణమైంది.

ఇప్పుడు మనవరాలు సుస్మిత పెళ్లిచూపులకు నార్కట్‌పల్లి నుంచి మగపెళ్లివాళ్లు వస్తున్నారు. కోడలు పుష్ప భర్తకు తెగేసి చెప్పింది.

"గీ కంపుకు వాళ్లు గడప తొక్కుతరా? గొర్లన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

మల్లేశ్ తూకంలో భార్యే నెగ్గింది. భద్రమ్మ కొడుకు ముందు చేతులు జోడించింది.

"రెండన్న ఉంచు బిడ్డా. నీ కాల్మొక్త."

"మనుమరాలి పెండ్లి కన్న గొర్లే ఎక్కువనా అమ్మా నీకు?"

"పోనీ, ఒక్కటన్న."

మల్లేశ్ నవ్వాడు. మందనంతా మోత్కూర్ అంగడిలో అమ్మేశాడు. ఆ డబ్బుతో తల్లికి మంచం, మెత్తటి పరుపు కొన్నాడు. ఇలాంటి కొడుకు ఎవరికుంటాడని ఊరు మెచ్చుకుంది. మల్లేశ్ కాదనలేదు.

దొడ్డి చదును చేయించారు. ఫినాయిల్ పోసి కడిగారు. గోడలకు సున్నం వేశారు. భద్రమ్మకు కొత్త చీర కట్టి, ముందు గదిలో కొత్త పరుపు మీద కూర్చోబెట్టారు.

"నువ్వేం మాట్లాడకత్తా. దండం పెట్టు, చాలు," అంది పుష్ప.

పెళ్లివాళ్లు వచ్చారు. పిల్ల నచ్చింది. ఇల్లు నచ్చింది. చాయ్ సగంలో ఉండగా పిల్లవాడి తల్లి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వాళ్ల మేనమామ లింగస్వామి లేచి కిటికీ తెరిచాడు. తర్వాత వాకిట్లో నిలబడ్డాడు. తర్వాత అందరికీ ఏదో పని గుర్తొచ్చింది.

"కబురు చేస్తమన్నా," అంటూనే కారెక్కారు.

సుస్మిత లోపలికెళ్లి తలుపేసుకుంది. మల్లేశ్ బకెట్ నిండా ఫినాయిల్ నీళ్లు తెచ్చి ఖాళీ దొడ్డి మీద కసిగా కుమ్మరించి, ఇంకో బకెట్‌తో ముందు గదిలోకి వచ్చాడు.

"గింత కడిగినా గొర్ల కంపు పోతలేదేంది! అమ్మా, జర లేచి పక్కకు జరుగు. గీ గదిగుడ కడుగుత."

భద్రమ్మ లేవలేదు. రెండు చేతులతో పరుపు అంచు గట్టిగా పట్టుకుంది.

"కంపు గొర్లది కాదు బిడ్డా, నిన్ను కన్న కాన్నుంచి నాకు ఉచ్చ ఆగుతలేదు, ఎవ్వలు పసిగట్టొద్దనే గొర్లను తెచ్చుకున్న."