ఐదు డబ్బాలు

ఆదివారమంతా పొయ్యి దగ్గరే నిలబడితే, వారానికి సరిపడా కూరలు ఐదు పెద్ద డబ్బాల్లోకి చేరాయి. కూతురు మూతల మీద సోమవారం నుంచి శుక్రవారం దాకా చీటీలు అంటించింది.

"ఇక రోజూ వంట బెడద లేదే. ఆరింటికల్లా వచ్చేస్తా, ఇద్దరం కూర్చుని తిందాం" అంది తల్లి.

ఆ సంబరం ఆపుకోలేక, మర్నాడు కుట్టుమిషన్ల దగ్గర పక్కావిడకి చెప్పింది. అది కాస్తా సూపర్‌వైజర్ చెవిన పడింది.

"ఇంటికెళ్లి వండే పని లేదటగా? ఇంకో మూడు గంటలుండండమ్మా, ఆర్డరు నెత్తి మీదుంది."

తన నోరే తన కొంప ముంచింది. శుక్రవారం దాకా అదే వరస. ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయేది. తనకీ తినే ఓపిక ఉండేది కాదు.

శనివారం కడుగుదామని డబ్బాలు తీస్తే, అన్నింట్లోనూ సగం కూర అలాగే ఉంది.

"బాగాలేదా?"

"బాగుందమ్మా. అది నీ వాటా."

ఆదివారం తల్లి మళ్లీ కూరగాయలు ముందేసుకుంది. "ఈ వారం తప్పకుండా వచ్చేస్తా."

"సరేలే అమ్మా" అంది కూతురు, చీటీలు అంటిస్తూనే.

ఈసారి కూతురు తీసినవి చిన్న డబ్బాలు.